మా మూడుకాళ్ళ చుక్క

కుక్కను పెంచేది కాపలాకే కదండీ అంటారు ఎవరైనా. అలాంటప్పుడు మూడుకాళ్ళ కుక్కను ఇంట్లో పెట్టుకుని, దానికి పెరుగన్నం కలిపి పెట్టేవాళ్ళను చూసి నలుగురూ నవ్వడంలో వింతేముంది? నాచారంలో మా వీధివాళ్ళు చుక్కను చూసి ముందు నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఇప్పుడు పేరుపెట్టి పిలుస్తున్నారు. ఈ మూడు దశలూ మా వీధితో మొదలైనవి కావు. వీటి వెనక పెద్ద చరిత్రే ఉంది.

మా తూర్పువైపు ఒకప్పుడు పట్నానికి చివర. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు లేచాయి. నాచారంలో ఎన్.టి. రామారావుగారి స్టూడియో వెలిసింది. 2005లో ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ క్రికెట్ ఆడారు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రోరైలు బయలుదేరింది. మనకు సౌకర్యాలు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి. వాటిని దాటవలసిన కుక్కల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర లారీ కింద వెనకకాలు నలిగిన పిల్లే మా చుక్క. మా పెద్దవాడు తువాలులో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చాడు.

కాలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టరుగారు. “పనికిరాని కుక్కకు ఇంత ఖర్చు దేనికే? ఇంజక్షనిచ్చి నిద్రపుచ్చమనండి” అన్నారు మా అత్తగారు. ఆవిడ కఠినురాలు కాదు. పాడిపశువుల మధ్య పెరిగి, ఏ జీవి ఏ పని చేస్తుందో లెక్క తెలిసిన మనిషి. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని ఊరుకున్నారు. మగవాళ్ళకు ఆ సౌకర్యం ఉందిగా!

నేను మహాభారతం పట్టుకున్నాను. అది మొదలయ్యేదీ కుక్కతోనే, ముగియబోయేదీ కుక్కతోనే. ఆదిపర్వంలో జనమేజయుడి యాగశాలకు వచ్చిన సరమ కొడుకును, ఏ తప్పూ చెయ్యకపోయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. ఆ తల్లి వచ్చి రాజునే నిలదీసింది. చివర్లో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు.

“ఆ కుక్క సాక్షాత్తూ ధర్మదేవతే! మీ చుక్క ఎవరుట?” అన్నారు అత్తగారు.

సరే, చరిత్రలోకి దిగాను. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949–50 నాటి శాసనం ఒకటి దొరికింది. కాళి అనే వేటకుక్క పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చచ్చిపోయాయి. కాళి జ్ఞాపకార్థం రాయి నిలిపి, దాని పూజకు భూమి కూడా ఇచ్చారు. “అది పందిని చంపింది. ఇది బల్లిని చూసినా మంచం కింద దూరుతుందాయె!” అన్నారావిడ. నిజమే మరి.

అప్పుడు దొరికింది నాకు అసలైన సాక్ష్యం. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో రాళ్ళు కొట్టే కూలీలకు ఒక పాత సమాధి బయటపడింది. దాదాపు 14 వేల ఏళ్ళనాటిది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్ళతోపాటు ఏడునెలలైనా నిండని కుక్కపిల్ల. దాని పళ్ళమీది మచ్చలు పరీక్షించి, 2018లో శాస్త్రజ్ఞులు చెప్పిన మాట వినండి. ఆ పిల్లకు అయిదోనెలలో డిస్టెంపర్ సోకింది. ఇవాళ మనం టీకా వేయించే జబ్బే. అంత జబ్బుతోనూ అది దాదాపు రెండునెలలు బతికింది. వేటాడలేదు, కాపలా కాయలేదు. నీళ్ళు తాగించి, వెచ్చగా కప్పి, వాంతులూ విరేచనాలూ శుభ్రంచేసే మనిషి పక్కన లేకపోతే అన్నాళ్ళు బతకడం జరగని పని అంటారు వాళ్ళు. అంటే వ్యవసాయం కూడా పుట్టకముందే ఎవరో ఒకరు పనికిరాని కుక్కపిల్లకు సేవ చేశారన్నమాట.

ఇది విని అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. “వాంతులు కూడా ఎత్తారా?” అని మాత్రం అడిగారు. మర్నాడు ఆపరేషను అయింది.

మన దేశంలో దీన్ని చట్టందాకా తెచ్చింది ఒక స్త్రీయే. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు వెళ్ళి, జంతువులమీద క్రూరత్వం ఆపాలని బిల్లు పెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వమే 1960లో చట్టం చేసింది. తిండీ నీళ్ళూ లేక అల్లాడే స్థితిలో జంతువును అకారణంగా వదిలెయ్యడం దాని ప్రకారం నేరం. మన హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్ మొదలుపెట్టిన అక్కినేని అమలగారూ నాట్యం నేర్చినావిడే!

ఇలాంటి కుక్క ఇంట్లో ఉంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కుక్క బరువులో అరవైపాళ్ళు ముందుకాళ్ళే మోస్తాయి. అందుకే వెనకకాలు పోయినా త్వరగానే నడక నేర్చుకుంటుంది. కాని ఒళ్ళు పెరగనివ్వకూడదు, మిగిలిన కీళ్ళు అరిగిపోతాయి. నున్నటి గచ్చుమీద జారుతుంది కనుక, అది తిరిగేచోట పట్టాలు పరవాలి. పిల్లలు బిస్కెట్లు పెట్టకుండా చూడ్డమే నాకు పెద్ద ఉద్యోగం!

పట్టాలు పరిచేది ఎవరనుకున్నారు? మోకాళ్ళనొప్పులతో చేతికర్ర పట్టిన మా అత్తగారే. ఆవిడ వెనకాలే చుక్క. “మీకెందుకత్తయ్యా శ్రమ?” అంటే, “నువ్వూరుకోవే! దానికి మూడుకాళ్ళు, కర్రతో కలిపి నాకూ మూడే. జారితే ఎలా ఉంటుందో మాకు తెలుసు” అంటారు.