భద్రాచలం సరిహద్దు, ఐదు గ్రామాలు

గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలానికి ఏలికలు మారడం కొత్తేమీ కాదు. నిజాం 1860లో ఈ ప్రాంతాన్ని బ్రిటిష్‌వారికి వదులుకున్నాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. ఆ చివరి మార్పు ఒకే రాష్ట్రం లోపల జరిగింది కాబట్టి ఊళ్ల మధ్య గీత పడలేదు.

గీత పడింది రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014లో. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతమంతా ఒకే ప్రభుత్వం కింద ఉండాలని కేంద్రం మే నెలలో ఆర్డినెన్స్ తెచ్చింది, జులైలో దాన్ని చట్టం చేసింది. ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలంలో పట్టణ రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. పట్టణంలోని రామాలయం ఇటు, దాని పొలం అటు అయింది. జలాశయం అవసరం చూసి గీసిన గీత అది, సంతకూ బడికీ ఆసుపత్రికీ పట్టణానికే వచ్చే పల్లెల నడక చూసి గీసింది కాదు.

చుట్టూ ఊళ్లు ఆంధ్రాకు పోవడంతో పట్టణం చెత్త పోయడానికి కూడా చోటు లేక గోదావరి గట్టును ఆశ్రయించింది. ఆంధ్రాకు వెళ్లిన పురుషోత్తపట్నంలో రామాలయానికి దాదాపు 900 ఎకరాలున్నాయి. దేవస్థానం తెలంగాణ దేవాదాయ శాఖ కింద ఉంది, ఆ భూమి మీద రెవెన్యూ, పోలీసు అధికారాలు ఆంధ్రావి. ఆక్రమణలు తొలగించాలన్నా పొరుగు రాష్ట్రం కదలాలి. ఇక దుమ్ముగూడెం, చర్ల మండలాలు తెలంగాణవే అయినా, భద్రాచలం నుంచి అక్కడికి పోయే రోడ్డు ఎటపాక దగ్గర ఆంధ్రాలోకి వెళ్లి మళ్లీ ఇటు వస్తుంది.

వరదల్లో ఈ చిక్కు మరీ ముదురుతుంది. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెలు చూసి సామాన్లు సర్దుకునేవాళ్లలో కూనవరం, వి.ఆర్.పురం జనం, అంటే ఆంధ్రావాళ్లూ ఉంటారు. 2022 జులైలో మట్టం 71 అడుగులు దాటింది. ఆ వరద తర్వాత ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు వాసులు తమను తెలంగాణలో కలపాలని రోడ్డెక్కారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఈ ఊళ్లు కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి; దాని కేంద్రం పాడేరు కొండలకు అవతల ఎక్కడో ఉంది. పాత జిల్లా కేంద్రం కాకినాడ దూరమని మొరపెట్టుకున్న ప్రాంతానికి ఆ మార్పు ఊరటేమీ కాలేదు.

2024 జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కలిసి, విభజన సమస్యలపై కమిటీలు వేయాలని నిర్ణయించారు. రాష్ట్రాల హద్దు మార్చే అధికారం మాత్రం రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుదే.