టీవీ పెట్టె ఎవరు మోసుకొచ్చారు?

1993లో మద్దెలచెరువులో ఒక ఇంట్లో టీవీ పేలింది. గంగుల సూర్యనారాయణరెడ్డి అలియాస్ మద్దెలచెరువు సూరి కుటుంబ సభ్యులు ఆ పేలుడుకు బలయ్యారు. ఆ రోజుల్లో పల్లెలో టీవీ అంటే నడిమింట్లో బల్ల మీద గుడ్డ కప్పి, పసిబిడ్డలా చూసుకునే వస్తువు. సాయంత్రమైతే ఇరుగుపొరుగు వచ్చి దాని ముందు చాప పరుచుకునేవాళ్లు. అలాంటి పెట్టెలోకి బాంబు చేరాలంటే కోపం ఒక్కటే చాలదు. పెట్టె సంపాదించాలి, విప్పాలి, లోపల మందు అమర్చాలి, మళ్లీ అనుమానం రాకుండా బిగించాలి, ఇంటిదాకా చేర్చాలి. ఆ ఇంట్లో ఎవరెప్పుడు ఉంటారో తెలిసిన మనిషి కావాలి. పదిహేడేళ్ల తర్వాత ‘రక్తచరిత్ర’ రెండో భాగం ఈ ఘటనను తెరకెక్కించింది. సినిమా బరువంతా పేలుడు మీద, ఆ తర్వాత సూరి పాత్ర గుండెల్లో రగిలిన పగ మీద పడింది. పెట్టె చేసిన ప్రయాణానికి దక్కిన చోటు తక్కువ. రాజకీయ హత్యల మీద తీసే సినిమాలో సాంకేతిక వాస్తవికత అంటే నెత్తురు రంగు, తుపాకీ చప్పుడు సరిగ్గా కుదరడం అని మనవాళ్లు అనుకున్నారు. నా దృష్టిలో అది ఆ పెట్టె ప్రయాణం. కుట్ర అంటే పని. పని ఉంటే పనివాళ్లుంటారు, వాళ్లకు పని చెప్పినవాళ్లుంటారు. పనిని చూపని సినిమాలో వీళ్లంతా తప్పించుకుంటారు.

పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల చరిత్రలో హత్యల తీరు ఎలా మారిందో చూస్తే ఈ మాటకు ఆధారం దొరుకుతుంది. 1975లో భూమి పోరాటాల మనిషి పరిటాల శ్రీరాములు హత్య జరిగింది. అప్పటి ఆయుధాలు ఊరికి తెలిసినవే: వేటకొడవలి, బరిసె, నాటుబాంబు. ఎవరి చేతిలో ఏముందో ఊరంతా చూసేది, సాక్ష్యం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 1990ల నాటికి పద్ధతి మారింది. బాంబు టీవీలోకి, కారులోకి దూరింది. చంపేవాడు చచ్చేవాడి ముందు నిలబడాల్సిన అవసరం పోయింది. కక్షల ఊళ్లు పాతవే, దాడికి కావలసిన డబ్బు, సమాచారం, మనుషులు మాత్రం పట్నాల నుంచి, పార్టీల నుంచి, కాంట్రాక్టుల నుంచి రావడం మొదలైంది. 1994లో పెనుకొండ నుంచి శాసనసభకు గెలిచిన శ్రీరాములు కొడుకు పరిటాల రవి ఎన్టీఆర్ మంత్రివర్గంలో చేరారు. పక్కనే హిందూపురం 1985 నుంచి వరసగా మూడుసార్లు ఎన్టీఆర్‌నే గెలిపించింది. ఊరి కక్షకూ రాజధానికీ మధ్య దూరం తగ్గింది.

ఈ మార్పు ఎంత ఘోరంగా బయటపడిందంటే, అది సినిమా గుమ్మంలోనే పేలింది. 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో, రామానాయుడు స్టూడియో దగ్గర, ‘శ్రీరాములయ్య’ ప్రారంభోత్సవం నాడు కారు బాంబు పేలింది. ఆ సినిమా రవి తండ్రి శ్రీరాములు కథే. రవి గాయాలతో బయటపడ్డారు. 26 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో వార్త కోసం వచ్చిన టీవీ సిబ్బంది ఉన్నారు. ఏ కక్షతోనూ సంబంధం లేని మనుషులు, కెమెరా భుజాన వేసుకుని పనికొచ్చినవాళ్లు. బాంబు పెట్టిన కారు రోడ్డు పక్కన నిలిపి ఉంది. మీట నొక్కిన చెయ్యి దూరంగా ఉంది. ఈ దాడి కేసులో రవి ప్రత్యర్థి సూరికి జీవిత ఖైదు పడింది.

మరి ఆ తర్వాత మన తెర ఏం చూపింది? 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. సుమోలు గాల్లోకి లేచాయి, కొడవళ్లు గిర్రున తిరిగాయి, తొడలు చరిచారు. కారు బాంబు కాలంలో సినిమా 1970ల ఆయుధాలతోనే కాలక్షేపం చేసింది. వాటిని వినోదంగా తీశారు, వినోదంగానే చూశారు, అందులో తప్పు పట్టను. నా అభ్యంతరం వాటివల్ల స్థిరపడిన ఒక నమ్మకం మీద: సీమలో హత్య అంటే రెండు వంశాల ఆవేశమని, ఎదురెదురుగా తేల్చుకునే వ్యవహారమని. సీమ ఫ్యాక్షన్‌ను పత్రికలు, సినిమాలు చూపే బొమ్మకు అవతల నిలబడి చూడాలని కె. బాలగోపాల్ 2004లోనే రాశారు. ఆ మాటను సినిమావాళ్లు చెవిన పెట్టలేదు.

2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం కార్యాలయం ఆవరణలో రవిని కాల్చి చంపారు. అప్పుడాయన పెనుకొండ శాసనసభ్యుడు. భద్రత కుదించారని తెలుగుదేశం ఆరోపించింది, దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. ఆయన ఎప్పుడొస్తారో చెప్పిందెవరు, తుపాకులు ఎక్కడివి, తప్పించుకునే దారి ఎవరు చూశారు, ఖర్చు ఎవరిది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. జనం నోట మిగిలింది మాత్రం ప్రధాన నిందితుడు మొద్దు శీను టీవీలో అన్న మాట: బావ (సూరి) కళ్లలో ఆనందం చూడటానికి చేశానని. అంత పెద్ద యంత్రాంగం ఒక చుట్టరికంలో, ఒక డైలాగులో కరిగిపోయింది. ఇరవై ఏళ్లుగా మనం ఆ మాటను నవ్వుకోవడానికి వాడుకుంటున్నాం. ఆ మాట మోసినవాడు 2008 నవంబరులో అనంతపురం జైల్లో తోటి ఖైదీ చేతిలో చచ్చిపోయాడు. అతను దాచుకున్నదేమైనా ఉంటే అతనితోనే పోయింది. ఆవేశంతో కథ చెబితే ఏం జరుగుతుందో దీనికన్నా చేదు ఉదాహరణ నాకు కనబడదు.

2010 అక్టోబరు, డిసెంబరుల్లో రెండు భాగాలుగా వచ్చిన రామ్‌గోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ ఈ దారిలో ఒక అడుగు ముందుకేసిన మాట నిజం. జరిగిన ఘటనల వరసను పట్టుకుంది, పార్టీ అండను దాచలేదు. వివేక్ ఒబెరాయ్, సూర్య పోషించిన మనుషులు ఎవరో ప్రేక్షకులకు చెప్పాల్సిన పని లేకపోయింది. కానీ కత్తి దిగే క్షణాన్ని అది నెమ్మది చేసి సాగదీస్తుంది, కత్తి దాకా వచ్చిన నెలల్ని వ్యాఖ్యాత గొంతుతో రెండు వాక్యాల్లో దాటేస్తుంది. ఆ నెలల్లోనే కుట్ర ఉంది.

పద్ధతి చూపితే నేర్పినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1973లో వచ్చిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’లో హంతకుడు చచ్చిపోయిన పసివాడి పేరుతో పాస్‌పోర్టు సంపాదిస్తాడు. ఆ లొసుగు నిజంగా ఉన్నదే, వాడుకోదలచినవాడికి దారి చూపేదే. అందుకే ఒక గీత గీయాలంటాను. మందు ఎంత, తీగ ఎక్కడ అన్నది ప్రేక్షకుడికి అక్కర్లేదు. ఎవరు ఎవరికి చెప్పారు, డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది అన్నది కావాలి. 1969 నాటి కోస్టా గావ్రాస్ సినిమా ‘జెడ్’ ఈ గీతకు ఇవతలే నిలబడి పని పూర్తిచేసింది. 1963లో గ్రీసులో లాంబ్రాకిస్ అనే పార్లమెంటు సభ్యుణ్ని ఒక మూడు చక్రాల బండి మీద వచ్చి కొట్టి చంపారు. ప్రమాదమన్నారు. ఆ బండి ఎవరిది, ఎవరు నడిపారు, వెనక ఎవరున్నారు అని న్యాయాధికారి ఒక్కో వాంగ్మూలం టైపు చేయిస్తూ పోతే, చివర్లో పెద్ద అధికారులు దొరికారు. ప్రేక్షకుడు అందులో చంపడం నేర్చుకోడు, ప్రశ్నించడం నేర్చుకుంటాడు. వాంగ్మూలాలు, పంచనామాలు తెర మీద జనానికి విసుగన్నది నిర్మాతల భయం. కాగితం మీద నడిచిన ఆ సినిమా ఊపిరి బిగబట్టి చూసేలా ఉంటుంది. కేసులు నడుస్తుండగా, మనుషులు బతికుండగా ఇలా తీయడం కుదురుతుందా? కష్టమే. కానీ పేర్లు మార్చి రక్తం చూపగలిగినవాళ్లు పేర్లు మార్చి రశీదు కూడా చూపగలరు. హిందూపురం దాటితే వచ్చే కన్నడ సీమలో 2006లో ఏఎంఆర్ రమేశ్ ‘సైనైడ్’ తీశారు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత శివరాసన్ బృందం బెంగళూరులో తలదాచుకున్న చివరి రోజుల కథ. దేశాన్ని కుదిపిన హత్య తాలూకు మనుషులు ఒక మామూలు ఇంట్లో తలుపులేసుకుని ఎలా రోజులు లెక్కపెట్టారో ఆ సినిమా చూపగలిగింది.

‘రక్తచరిత్ర’ రెండో భాగం 2010 డిసెంబరు 3న విడుదలైంది. సరిగ్గా నెల తర్వాత, 2011 జనవరి 3న, హైదరాబాద్ యూసఫ్‌గూడలో మద్దెలచెరువు సూరి కారులో వెళుతుండగా హతుడయ్యాడు. బాంబు లేదు, కాన్వాయ్ లేదు, తొడ చరిచినవాడు లేడు. కాల్చింది వెనక సీట్లో కూర్చున్న సొంత అనుచరుడు భానుకిరణ్. అతను 2012లో దొరికాడు, 2018లో జీవిత ఖైదు పడింది. జీవితమంతా దాడుల మధ్య గడిపిన మనిషికి కారెక్కేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ప్రాణంతో సమానమైన లెక్క. ఆ రోజు ఆ వెనక సీటు భానుకిరణ్‌కు ఎలా దక్కింది? ఎన్నేళ్ల నమ్మకం, ఎన్ని లావాదేవీలు కలిస్తే ఒక మనిషి అక్కడిదాకా వచ్చి కూర్చోగలడు? తీయాల్సిన సినిమా ఆ సీటు దగ్గర మొదలై వెనక్కి నడవాలి.