మందు గడప చేరిన చరిత్ర

మన ప్రభువు కుష్ఠురోగిని ముట్టి స్వస్థపరచిన సంగతి మనమందరము ఎరిగినదే. మంచి మందు దొరికిన నాడే రోగము పోవునని మనము తలంచుతాము. కాని కుష్ఠు వైద్య చరిత్రను చదివిన కొలది మాకు వేరొక సంగతి తెలిసివచ్చినది.

1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలైన డా. ఇసబెల్ కెర్, రెవ. జార్జి కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ గారు దానికి దాతగా నిలిచారు. ఆనాడు చాల్‌మూగ్రా నూనె సూదులే వైద్యము. నొప్పి ఎక్కువ, గుణము తక్కువ.

1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. చెంగల్పట్టులో డా. రాబర్ట్ కాక్రేన్ వాటిని వాడి మేలు చూచారు. చౌకైన డాప్సోను మాత్ర కూడా వచ్చినది. అయినను ఆసుపత్రికి వెళ్లితే ఊరివారికి తెలియునని వేలమంది ఇంటనే దాగిరి. 1955లో బెల్జియం వైద్యుడు డా. హెమరిక్స్ పోలంబాక్కం చుట్టుప్రక్కల గ్రామములలో చెట్ల నీడనే క్లినిక్కులు నడిపారు. మందు అదే, అది రోగియొద్దకు నడిచి వచ్చినది.

మరియొక అడ్డంకి మిగిలినది. డాప్సోనును ఏండ్ల తరబడి మ్రింగవలెను. అనేకులు విసిగి మానివేశారు. క్రమేణా సూక్ష్మజీవులు కూడా ఆ మందుకు లొంగకపోయినవి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పలు మందులు కలిపి ఇచ్చు బహుళౌషధ చికిత్సను సిఫారసు చేశారు. ఇందులో చికిత్సకు గడువు ఉన్నది. నెలకొక మోతాదు ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మ్రింగవలెను. మిగిలిన మాత్రలు దినముల వరుసలో ఒకే అట్టలో ఉండును గనుక చదువురాని తల్లియు తప్పిపోదు. 1995 నుండి ఈ మందులు ప్రపంచమంతట ఉచితము. 2005 డిసెంబరు నాటికి మన దేశములో రోగుల సంఖ్య పదివేల జనాభాకు ఒకరికంటె తగ్గినది.

అయినను ఏటేటా వేలాది కొత్త రోగులు బయటపడుచునే ఉన్నారు. మందు గడప చేరినది. సిగ్గు గడప దాటలేదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. 2019లో విడాకులకు ఈ వ్యాధిని కారణముగా చూపు నిబంధనలును తొలగినవి. ఇక మారవలసినది మన నాలుక. ప్రసంగములో పాపమును కుష్ఠుతో పోల్చినపుడు, చేతిపై మచ్చ గల సహోదరి దానిని కొంగుతో కప్పుకొనదా? కప్పిన మచ్చకు మందు ఎట్లు అందును?

కావున స్పర్శలేని మచ్చ ఎవరికి కనబడినను, సంఘస్థులు వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడుకొని పోవుదురుగాక. ఆదివారము వారి ప్రక్కనే కూర్చుందురుగాక.