గర్భమునకు ముందు గర్భాశయపు వ్యయము: యల్లాప్రగడ సుబ్బారావు కనుగొనిన పదార్థముల కథ

గర్భోత్పత్తిని విత్తుతోను పొలముతోను పోల్చి చెప్పుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడిననే గర్భము నిలుచునని సుశ్రుతసంహిత శారీరస్థానమున చెప్పబడినది. కాలక్రమమున లోకము ఈ నాలుగింటిలో బీజమునకు పెద్దపీట వేసి, క్షేత్రమును ఊరక పడియుండు నేలగా భావింపసాగినది. సంతానము కలుగనపుడు మాత్రము నింద అంతయు నేలమీదనే పడినది. బళ్ళారి సీమలో తెలుగువారు గొడ్రాలనినను, కన్నడిగులు బంజె అనినను, ఆ మాట పడునది స్త్రీయే. ఆ నేల నిజముగా ఏమి చేయుచున్నది, ఆ పనికి కావలసిన శక్తి ఎక్కడనుండి వచ్చుచున్నది అను ప్రశ్నలను శాస్త్రజ్ఞులు చేపట్టి రెండువందల యేండ్లు కూడ కాలేదు. ఆ చరిత్రలో ఒక తెలుగువాని పేరు రావలసియున్నది. రావలసిన చోట అది రాకపోవుటయు, రాకూడని రీతిలో వచ్చుటయు కూడ కలదు.

మొదటి అడుగు ఫ్రాన్సు దేశమున పడినది. క్లాడ్ బెర్నార్డు 1857లో కాలేయమునుండి గ్లైకోజెను అను పదార్థమును వేరుపరచెను. చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకొని ఏర్పడిన నిలువ ఇది. 1859లో ఆయన మావియందును దీనిని చూచి, పిండపు కాలేయము ఇంకను పనికి రాని దశలో ఈ నిలువయే దాని అవసరము తీర్చునని తలచెను. ఈ సీమ నల్లరేగడి పల్లెలలో పూర్వము జొన్నలు దాచిన పాతరల నెరిగిన వారికి ఈ సంగతి వేరుగ వివరింప నక్కరలేదు. పంట వచ్చిననాడు గొయ్యి నింపి, గడ్డి పరచి, మన్ను కప్పి, కరవునాడు తెరచెడివారు. దానినే కన్నడమున హగేవు అందురు. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును పోయి జిల్లా చీలినది గాని, పాతర ఇరువైపుల ఒక్కటే. గ్లైకోజెను దేహము త్రవ్వుకొనిన పాతర.

గర్భాశయపు లోపొర ప్రతి మాసమును ఈ పాతరను నింపుకొనును. ముట్టు ముగిసిన తరువాత ఒకటి రెండు మిల్లీమీటర్ల మందము మాత్రమే ఉండు ఆ పొర, ఈస్ట్రోజెను ప్రేరణచే పెరిగి, అండము విడుదలయగునాటికి అనేక రెట్లు మందమగును. పిమ్మట ప్రొజెస్టెరోను ప్రభావము మొదలగును. ఒకటిన్నర రెండు దినములలో గ్రంథికణముల అడుగుభాగమున, కేంద్రకమునకు క్రిందుగా, గ్లైకోజెను చేరి, సూక్ష్మదర్శినిలో చూచినచో తెల్లని ఖాళీలవలె కానవచ్చును. ఈ మార్పులను దినదినమునకు గుర్తించి, పొర ముక్కను చూచి తేదీని చెప్పగల పద్ధతిని నోయెస్, హెర్టిగ్, రాక్ అను మువ్వురు 1950లో ప్రకటించిరి. హెర్టిగ్, రాక్ పనిచేసినది బోస్టన్ ప్రాంతమున. అదే నగరమున అంతకు పూర్వము పదునెనిమిది యేండ్లు ఒక తెలుగు వైద్యుడు కండరములను నూరుచు గడపెను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. అన్నదమ్ములలో ఇరువురను స్ప్రూ అను వ్యాధి హరించెను. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము అధ్యాపకుడుగా నుండి, 1922 అక్టోబరులో బోస్టన్ చేరెను. ఆయుర్వేద విద్యార్థుల నడుమ మెలగినవాడు క్షేత్రబీజముల మాట వినకుండ నుండజాలడు. అయినను ఋషులు భాస్వరపు లెక్కలు ముందే ఎరుగుదురని చెప్పు వారితో ఏకీభవింపరాదు. పోలిక పోలికయే, కొలత కొలతయే.

ఆ కొలతయే సుబ్బారావు తొలి కీర్తి. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలసి 1925లో ఆయన ప్రకటించిన పద్ధతిలో, ద్రవమునందలి భాస్వరము మాలిబ్డేటుతో కలసి నీలిరంగు నిచ్చును. రంగు గాఢతను బట్టి భాస్వరము ఎంతయో తెలియును. భారతదేశపు వైద్యకళాశాలల ప్రయోగశాలలలో చిరకాలము నేర్పబడిన ఫిస్కె-సుబ్బారావు పద్ధతి ఇదియే. ఈ పద్ధతిని కండరపు రసమునకు ప్రయోగించినపుడు రంగు తేలుటలో ఆలస్యము కనబడెను. మరియొకరైనచో పరీక్షలో లోపమని త్రోసివేసి యుందురు. వారు ఆ ఆలస్యమునే వెంటాడిరి. భాస్వరము స్వేచ్ఛగా లేదు. క్రియేటినుతో ముడివడి యుండి, ఆమ్లములో మెల్లగా విడివడుచున్నది. కండరము అలసినపుడు ఈ ముడి విప్పుకొనును, విశ్రమించినపుడు మరల పడును. 1927లో వారు వెల్లడించిన ఫాస్ఫోక్రియేటిను ఇది. ఇంగ్లండులో ఎగిల్టను దంపతులు అదే సంవత్సరమున ఇదే పదార్థమును ఫాస్ఫాజెను అను పేర గుర్తించిరి గాని, దాని నిర్మాణమును తేల్చిన యశము బోస్టనుదే.

1929లో అడినోసిను ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టీ.పీ., బయటపడినది. సుబ్బారావు ఒక్కడే దీనిని కనుగొనెనని మన పత్రికలలో తరచు వ్రాయుచుందురు. అది సరికాదు. జర్మనీలో కార్ల్ లోమాను అదే సంవత్సరమున విడిగా కనుగొనెను. ఫిస్కె, సుబ్బారావులు కండరమునందును కాలేయమునందును గల భాస్వర పదార్థములను పరిశీలించుచు దానిని చేరిరి. ఉన్న గౌరవమునకు లేనిది చేర్చుటవలన ఉన్నదియు పలుచనగును.

ఏ.టీ.పీ. చేతిలోని చిల్లర డబ్బు. ప్రతి కణమును ప్రతి క్షణమును దానితోనే ఖర్చుపెట్టును. ఫాస్ఫోక్రియేటిను మొలనున్న సంచి. చిల్లర అయిపోవుచుండగా, క్రియేటిను కైనేజు అను ఎంజైము సంచిలోని భాస్వరమును తీసి ఏ.టీ.పీ.ని తిరిగి నింపును. గ్లైకోజెను ఇంటివెనుకటి పాతర. తెరచుటకు కొంత వ్యవధి పట్టును.

ఇవి కండరపు కథలు గదా, గర్భాశయమునకు వీనితో నేమి పని అని చాలకాలము తలచిరి. 1966లో అమెరికాలో నోటిడీస్, గోర్స్కి అను పరిశోధకులు ఎలుకలకు ఈస్ట్రోజెను నిచ్చి చూచిరి. సుమారు గంటకాలములో గర్భాశయమున ఒక ప్రత్యేకమైన ప్రోటీను అధికముగ తయారగుట కానవచ్చినది. అదేమియో తెలియక దానిని ఈస్ట్రోజెను ప్రేరిత ప్రోటీను అని మాత్రమే పిలిచిరి. పదునైదేండ్లు ఆ పేరుతోనే గడచినవి. 1981లో ఇజ్రాయెలు దేశపు వైజ్మన్ సంస్థలో రైస్, కే అనువారు ఆ ప్రోటీనులోని ముఖ్యభాగము క్రియేటిను కైనేజేయని తేల్చిరి. అనగా క్షేత్రమునకు పిలుపు అందిన వెంటనే అది చేయు తొలి పనులలో ఒకటి, సుబ్బారావు చూచిన సంచిని విప్పు చేతిని సిద్ధపరచుకొనుట. ఆ ప్రయోగములు మొత్తము గర్భాశయముపై జరిగినవి గాన అందలి కండరమును లోపొరను వేరుచేసి చూడవలసి యుండెను; స్త్రీల లోపొరయందును ఈ ఎంజైము కలదని పిదప తెలిసినది.

ఇంత ఖర్చు దేనికి? అండము విడుదలయైన తరువాత, లోపొరయందలి సన్నని ఆధారకణములు ఉబ్బి, గుండ్రనై, గ్లైకోజెనుతోను కొవ్వుతోను నిండి, పిండమునకు శయ్యయగును. ఈ దశకు డెసిడువా అని పేరు. రాలిపోవునది అని లాటిను అర్థము. ఎలుకలలో పిండము వచ్చి తాకినగాని ఈ మార్పు జరుగదు. స్త్రీలలో అట్లు కాదు. పిండము వచ్చునో రాదో తెలియకయే ప్రతి మాసమును శయ్య పరచబడును, రానిచో రాలిపోవును. వానరములు, కొన్ని గబ్బిలములు, మరి కొద్ది జంతువులలో తప్ప ఈ ఏర్పాటు కానరాదు. ముట్టును మైలయనుట వాడుక. లెక్క చూచినచో అది నెలపొడుగున పడిన శ్రమకు మిగిలిన శేషము.

ఈ కణములు రక్తమునుండి గ్లూకోజును విశేషముగ గ్రహించును. దానిని కేవలము దహించుటయేగాక, కణవృద్ధికి కావలసిన పదార్థముల తయారీకిని మరలించును. 2011లో సెయింట్ లూయీ నగర పరిశోధకులు ఈ మరలింపును ఒక పురుష హార్మోను జాతి పదార్థము అడ్డగించినపుడు శయ్య సరిగా ఏర్పడదని చూపిరి. ఆ జాతి హార్మోనులు హెచ్చుగా నుండు స్త్రీలకు గర్భము నిలుచుట ఏల కష్టమగునో తెలిసికొనుటకు ఇది ఒక దారి. గొడ్రాలను మాటకు ఇందు తావు లేదు. ఉన్నది ఒక రసాయనిక మార్గమున పడిన అడ్డు. 2002లో ఇంగ్లండున బర్టను బృందము మరియొక విశేషము చెప్పెను: తొలి మూడు మాసములలో తల్లి రక్తము మావిలోనికి నిండుగా ప్రవహింపదు, గర్భాశయగ్రంథుల స్రావమే పిండమునకు ఆహారము. పాతరలోని ధాన్యము తినబడునది అప్పుడే.

సుబ్బారావు దీనిని చూడలేదు. హార్వర్డున శాశ్వత పదవి లభింపక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు పోయెను. అక్కడ ఆయన నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగ తయారైనది. దాని పూర్వకథ కూడ గర్భిణులదే. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్సు, నేతమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో మానుచున్నదని 1931లో తెలిపెను. అందలి గుణము ఈ ఆమ్లమే. తన సోదరులను బలిగొనిన స్ప్రూ వ్యాధికిని ఇది మందైనది. 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కున మరణించెను. నలువదిమూడేండ్ల పిదప, 1991లో, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి పరీక్ష మరియొక సంగతి తేల్చినది: వెన్నెముక లోపముగల బిడ్డను మునుపు కనిన స్త్రీలు గర్భమునకు ముందునుండియే ఫోలికామ్లము పుచ్చుకొనినచో, ఆ లోపము మరల కలుగుట నూటికి డెబ్బదిరెండు పాళ్ళు తగ్గును. పిండపు నాడీనాళము నాలుగు వారములకే మూసికొనును. నెల తప్పినదని ఇంటివారికి తెలియునప్పటికి ఆ పని ముగిసియుండును.