బుల్లయ్య కాలేజీ పేరు వెనకున్న మనిషి

విశాఖలో బుల్లయ్య కాలేజీ తెలియనివాళ్లు అరుదు. రేసపువానిపాలెంలో ఉన్న ఆ కళాశాల 1973లో మొదలైంది. దానికి పేరిచ్చిన మనిషి ఈ ఊరికి చేసిన మేలు మాత్రం మనలో చాలామందికి తెలియదు. డాక్టర్ లంకపల్లి బుల్లయ్యగారు 1968 నుంచి 1974 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. స్వతంత్ర భారతదేశంలో ఒక విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన తొలి దళితుడిగా ఆయన్ని చెప్పుకుంటారు.

ఆ పదవి చిన్నది కాదు. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు తరలివచ్చిన విశ్వవిద్యాలయమది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారు కూర్చున్న కుర్చీ. దళితుల పిల్లలకు బడి గడప దాటడమే గగనమైన కాలంలో పుట్టిన మనిషి అక్కడిదాకా చేరడమే ఒక చరిత్ర. చేరాక ఆయన ఏం చేశారన్నది అంతకన్నా ముఖ్యం.

అప్పటి ఊరిని ఒకసారి తలుచుకోండి. 1933లో తెరిచిన ఓడరేవు, ఆ పక్కనే షిప్‌యార్డు, 1957 నాటి చమురుశుద్ధి కర్మాగారం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి కుర్రాళ్లు పనికోసం ఇక్కడికి వచ్చేవారు. ఎస్సెల్సీయో పీయూసీయో అయ్యీ అవగానే ఇంటి భారం నెత్తిన పడితే, పగలు క్లాసులో కూర్చునే వీలెక్కడిది? షిఫ్టు డ్యూటీ చేసేవాడికి హాజరు పట్టీలో చోటు లేదు. పెళ్లయిన ఆడపిల్ల సంగతి సరేసరి.

అలాంటివాళ్ల కోసమే 1972లో, బుల్లయ్యగారి హయాంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. దేశంలో ఈ పద్ధతికి 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం దారి వేసింది. హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది 1982లో. అంటే మన వాల్తేరు పదేళ్లు ముందే ఆ పని మొదలుపెట్టింది. పైగా 1972 మామూలు ఏడాది కాదు. చివరికొచ్చేసరికి ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రాజుకుని, కోస్తా అంతటా కాలేజీల్లో చదువులు స్తంభించాయి.

కరస్పాండెన్స్ అంటే ఏమిటో చదివినవాళ్లకు తెలుసు. పోస్టులో అచ్చువేసిన పాఠాల కట్ట వచ్చేది. డ్యూటీ దిగి వచ్చి, పిల్లలు నిద్రపోయాక దాన్ని విప్పాలి. అర్థంకాని చోట పెన్సిలుతో గీత పెట్టుకుని, అధ్యాపకులు ముఖాముఖి చెప్పే కాంటాక్ట్ క్లాసుల దాకా ఆగాలి. సెలవు దొరికితేనే ఆ క్లాసులు, సెలవు దొరికితేనే పరీక్షలు. డిగ్రీ చేతికొచ్చాక గుమాస్తాకు ప్రమోషన్ పరీక్ష రాసే అర్హత వచ్చేది, టీచరుకు పై మెట్టు అందేది. మన ఊళ్లో ఎన్నో ఇళ్లలో మొదటి పట్టభద్రులు ఇలా తయారైనవారే.

ఇంటిదగ్గర ఒంటరిగా చదివే చదువుకు పరిమితులున్నాయి. ప్రయోగశాల ఉండదు, అడిగిన వెంటనే చెప్పే గురువు ఉండడు. అయినా గేటు బయటే నిలిచిపోయినవాళ్లకు అది తెరుచుకున్న తలుపు. రిజర్వేషను సీటు దాకా కూడా రాలేని పేదవాడి దగ్గరికి విశ్వవిద్యాలయమే నడిచి వెళ్లాలన్న ఆలోచన అందులో ఉంది. పరిపాలకుడి గొప్పతనాన్ని కట్టిన భవనాలతో కొలవడం మనకు అలవాటు. చదువు ఎవరిదాకా చేరిందన్నదే అసలు కొలత. ఆ లెక్కన బుల్లయ్యగారు ఈ నగర నిర్మాతల్లో ఒకరు.

2026తో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. మీ ఇంట్లో కరస్పాండెన్స్ డిగ్రీ చదివిన అమ్మో, నాన్నో, తాతయ్యో ఉంటే వారి అనుభవాలు రాసి పెట్టండి, ఆ పాఠాల కట్టలు పారేయకండి. నూరేళ్ల చరిత్ర రాసేవారు బుల్లయ్యగారి ఆరేళ్లకు ఒక అధ్యాయం కేటాయించాలి. అది మనం ఆయనకు పడిన బాకీ.