ఇంకొక్క ఎత్తు

"బాపమ్మా, ఇది నన్ను ఊకె ఓడగొడుతున్నది. ఇంక చదరంగం ఆడనే ఆడను!" అంటూ మా మనవరాలు ఫోను మంచం మీద పడేసింది.

మేముండేది చెల్పూరులో. మా అబ్బాయి ఇక్కడి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేస్తాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు ఎక్కడ లేస్తాడోనని పిల్లను వంటింట్లోకి తీసుకెళ్ళాను. మూడో మెట్టు దాకా గెలిచిందట. నాలుగో మెట్టులో పదకొండుసార్లు ఓడిందట.

"మెట్టంటే ఏందే?"

"అది ఎన్ని ఎత్తులు ముందు చూస్తదో, అది."

పులిజూదం తప్ప మరో ఆట ఎరగని నాకు ఆ మాట భలే నచ్చింది. లోతును ఎత్తులతో కొలవడమా! వాణ్ణీ వీణ్ణీ అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

1950లో క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసంలో లెక్క కట్టాడు. ఆటలో ఒక్కో వంతుకు సుమారు 30 ఎత్తులు వేసే వీలుంటుంది. నావి 30, వాటికి మీ జవాబులు కలిపి 900, మళ్ళీ నావి 27,000. నాలుగో ఎత్తుకు 8 లక్షలు దాటిపోతుంది! అందుకని యంత్రానికి ఒక చిట్కా నేర్పారు. వంకాయ కోయగానే పురుగు కనిపిస్తే మిగతాదంతా తరిగి చూస్తామా? అలాగే ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర గట్టి జవాబు ఒక్కటి కనబడితే చాలు, తక్కినవి చూడకుండానే ఆ ఎత్తును పక్కన పెట్టేస్తుంది.

అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్ తన 'బెల్' యంత్రాన్ని దానితోనే పోటీకి కూర్చోబెట్టాడు. ఒక పక్క ఒక్క ఎత్తు ఎక్కువ చూస్తుంది, అంతే తేడా. నాలుగు ఎత్తుల నుంచి అయిదుకు వెళితే బలం 300 పాయింట్లకు పైగా పెరిగింది. ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళితే సుమారు 120 మాత్రమే. మొదటి చెంచా చక్కెరకు తెలిసే తీపి అయిదో చెంచాకు తెలియదు కదా!

ఎంత చూసినా ఎక్కడో ఒకచోట చూపు ఆగాలి. అక్కడే చిక్కు. మంత్రి పోవడం ఖాయమని తెలిసినప్పుడు, యంత్రం అనవసరంగా బంట్లను బలిపెట్టి ఆ నష్టాన్ని తన చూపుకు అవతలికి నెట్టి, గండం గడిచిందనుకునేది. చీటీ కట్టాల్సిన రోజున చేబదులు తెచ్చి మురిసిపోయే మనలాగే! ఈ జబ్బును 1973లో హాన్స్ బెర్లినర్ అనే ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలో వివరించాడు.

అదే విశ్వవిద్యాలయంలో మన తెలుగాయన, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, 1979 నుంచి 1991 వరకు రోబోటిక్స్ సంస్థకు అధిపతి. అక్కడి విద్యార్థులు తయారుచేసిన 'డీప్ థాట్' 1988లో బెంట్ లార్సెన్ అనే గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించింది. మరుసటి ఏడు కాస్పరోవ్ చేతిలో రెండాటలూ ఓడిపోయింది. దాని వారసురాలు 'డీప్ బ్లూ' సెకనుకు 20 కోట్ల స్థితులు చూస్తూ, 1997 మేలో అదే కాస్పరోవ్‌ను గెలిచింది.

మనిషి అన్ని చూడలేడు. పనికొచ్చే నాలుగింటిని ఎంచుకుని వాటినే లోతుగా చూస్తాడు. మన వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేసి 14 ఏళ్ళకే, 2018లో, గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2002లో 15 ఏళ్ళకే ఆ హోదా పొందిన కోనేరు హంపి, బిడ్డతల్లి అయ్యాక మళ్ళీ బల్ల ముందు కూర్చుని 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ ప్రపంచ విజేత అయింది.

సాయంత్రం అబ్బాయి లేచి, "ఎట్లాగూ ఆడనంటున్నది కదమ్మా, హన్మకొండ కోచింగు మాన్పిద్దాం. వచ్చే ఏడు టెన్త్. ఆడపిల్లకు ఈ ఆటలెందుకు?" అన్నాడు.

మా నాయన నన్ను ఏడో తరగతితో బడి మాన్పించిన రోజు గుర్తొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్క ఎత్తే ముందు చూశాడు: పెళ్ళి. ఆ పైన నాకింకా యాభై ఏళ్ళుంటాయని చూడలేదు.

"ఇంకొక్క ఎత్తు ముందు చూడు బిడ్డా" అన్నాను అబ్బాయితో. వాడు మాట్లాడలేదు, వద్దని కూడా అనలేదు.

మనవరాలు పన్నెండోసారి ఫోను తీసింది. ఆదివారం హన్మకొండ బస్సుకు దాని వెంట నేనే వెళ్తున్నాను.