పదహారు అంగుళాలు

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత అనే ఊళ్ళో, ఆఫీసు అయ్యాక బారులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. ఆ వారాంతం డాలస్ దగ్గర మా మిత్రుల ఇంట్లో పాట్‌లక్. ఎప్పుడూ వీసాలూ, స్కూలు డిస్ట్రిక్టులూ, పెసరట్టు పిండీ మాట్లాడుకునే మేము ఆ రోజు పులిహోర గిన్నె చుట్టూ నిలబడి తుపాకుల గురించి మాట్లాడుకున్నాం.

"నువ్వు కొనుక్కోవచ్చు గురూ, నీకు గ్రీన్ కార్డు వచ్చిందిగా!" అన్నాడు మా గుంటూరు మిత్రుడు. నిజమే. 1998 నుంచీ ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగిపోతుంది. నాకు అది వచ్చి అప్పటికి ఏడాది.

ఆ శనివారం ఇంట్లో చెప్పకుండా ఒక దుకాణానికి వెళ్ళాను. చిన్నప్పుడు తెనాలిలో సబ్ ట్రెజరీ ముందు సెంట్రీ కానిస్టేబుల్ భుజాన వేలాడే త్రీ నాట్ త్రీ తప్ప దగ్గరగా తుపాకిని చూసినవాణ్ణి కాదు. ఇక్కడ గోడ నిండా రైఫిళ్ళే. కౌంటరు వెనక పెద్దాయన చాలా మర్యాదగా, "సెమీ ఆటోమాటిక్ అయితే బ్యారెల్ ఎంత కావాలి? పదహారా, పద్దెనిమిదా, ఇరవయ్యా?" అని అడిగాడు. చొక్కా సైజు అడిగినట్టుంది. నాకు తెలియదన్నాను. "అయితే ముందు అది తేల్చుకుని రండి" అన్నాడు.

టేబుల్ ఎందుకలా కట్టారో తెలుసుకోకుండా అందులో కొత్త కాలమ్ పెట్టని మనిషిని నేను. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. మొదట అంగుళాల లెక్క అనుకున్నది తీరా చూస్తే వందేళ్ళ చరిత్ర.

ముందు కాస్త భౌతికశాస్త్రం. ఆగిపోయిన అంబాసిడర్ కారుని నలుగురు తోస్తున్నారనుకోండి. ఎంతసేపు తోస్తే అంత వేగం అందుకుంటుంది. కానీ తోసేవాళ్ళు అలిసిపోయే కొద్దీ పెరిగే వేగమూ తగ్గుతుంది. తూటా వెనక మందు కాలి పుట్టే గాస్ పనీ అంతే. గొట్టం పొడుగు ఉన్నంతసేపూ తోస్తుంది. పొడుగు పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది గానీ, ఒక్కో అంగుళానికీ దక్కే లాభం తగ్గుతూ వస్తుంది. రెండో వైపు పొడుగు గొట్టం బరువు, తలుపుల్లో తట్టుకుంటుంది, గుర్రం మీదా ట్రక్కులోనూ ఇబ్బంది. ఈ బేరమే చరిత్రంతా.

పంతొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ సైన్యంలో పదాతిదళానికి 30 అంగుళాల గొట్టం ఉన్న రైఫిల్, అశ్వికదళానికి 21 అంగుళాల కార్బైన్ ఉండేవి. 1899-1902 బోయర్ యుద్ధంలో గుర్రాల మీద వచ్చి దూరం నుంచి గురిచూసి కొట్టే దక్షిణాఫ్రికా రైతులు ఆ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. అది ముగిశాక బ్రిటిష్ వాళ్ళు రెండింటికీ మధ్యగా అందరికీ ఒకటే తుపాకి అన్నారు. గొట్టం 25.2 అంగుళాలు. అదే ఎస్.ఎం.ఎల్.ఇ., అందులో మొదటి అక్షరానికి అర్థం 'షార్ట్'. పొడుగు తగ్గితే బాయినెట్టు శత్రువుకి అందదని పెద్దలు గగ్గోలు పెడితే, 1907లో 17 అంగుళాల కత్తి తగిలించి శాంతింపజేశారు! బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఆ వంశమే మన పోలీసుల చేతికి వచ్చింది. అంటే తెనాలి ట్రెజరీ ముందు నేను చూసిన తుపాకి పొడుగు దక్షిణాఫ్రికా పోరులో నేర్చుకున్న పాఠం అన్నమాట. అమెరికా వాళ్ళూ అదే దారి పట్టారు. 30 అంగుళాల క్రాగ్ రైఫిల్‌నీ, 22 అంగుళాల క్రాగ్ కార్బైన్‌నీ పక్కన పెట్టి, 1903లో అందరికీ 24 అంగుళాల స్ప్రింగ్‌ఫీల్డ్ ఇచ్చారు.

ఇక్కడిదాకా ప్రతి తూటాకీ చేత్తో బోల్టు లాగే తుపాకులు. 1936లో అమెరికా సైన్యం జాన్ గారండ్ తయారు చేసిన ఎం-1ని స్వీకరించింది. మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా వెళ్ళి, తర్వాతది తనంతట తనే గదిలోకి వస్తుంది. గొట్టం మళ్ళీ 24 అంగుళాలే. కానీ లెక్క మారింది. గొట్టంలో ఉన్న చిన్న కన్నం గుండా కొంత గాస్ పక్కకి వచ్చి యంత్రాన్ని నడుపుతుంది. తూటా ఆ కన్నం దాటినప్పటి నుంచి గొట్టం మూతి దాటే దాకానే ఆ గాస్‌కి సత్తువ. కాబట్టి సెమీ ఆటోమాటిక్‌లో గొట్టం కోస్తే వేగం ఒక్కటే తగ్గదు, తుపాకి గుండె కొట్టుకునే తీరే మారుతుంది.

గారండ్ దాదాపు తొమ్మిదిన్నర పౌన్ల బరువు. డ్రైవర్లకీ, ఫిరంగుల దగ్గర పనిచేసేవాళ్ళకీ అది మోత. వాళ్ళ కోసం 1941లో ఎం-1 కార్బైన్ వచ్చింది. 18 అంగుళాల గొట్టం, అయిదు పౌన్ల పైచిలుకు బరువు, చిన్న తూటా. యుద్ధం ముగిసేలోపు అరవై లక్షలకి పైగా తయారు చేశారు. మరి గారండ్‌నే 18 అంగుళాలకి తగ్గిస్తే? 1944లో అదీ చేసి చూశారు. మూతి దగ్గర మంటా, మోతా భరించలేమని వదిలేశారు. పెద్ద తూటాలో మందు ఎక్కువ. పొట్టి గొట్టంలో అది కాలడం పూర్తికాక బయట కాలుతుంది.

ఇదంతా సైన్యం కథ. దుకాణంలో పెద్దాయన చెప్పిన పదహారు మాత్రం ఏ సైన్యమూ పెట్టింది కాదు. చట్టం పెట్టింది.

1934. మద్యనిషేధం అప్పుడే ముగిసింది, గ్యాంగ్‌స్టర్ల కాల్పులు పేపర్ల నిండా. రూజ్వెల్ట్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ ఒక బిల్లు తెచ్చాడు. మెషీన్ గన్నులతో పాటు పిస్తోళ్ళు, రివాల్వర్లు కూడా రిజిస్టరు చేయించాలి, చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆ రోజుల్లో 200 డాలర్లంటే మామూలు రైఫిల్ ఖరీదుకి ఎన్నో రెట్లు. పిస్తోలు దొరక్కపోతే జనం రైఫిల్ కోసి కోటులో దాచుకుంటారు కదా? అందుకని పొట్టి గొట్టాలూ జాబితాలో చేరాయి. చివరికి వ్యతిరేకత వచ్చి కాంగ్రెసు పిస్తోళ్ళనీ రివాల్వర్లనీ బిల్లులోంచి తీసేసింది. పొట్టి రైఫిళ్ళని మాత్రం తియ్యలేదు. మా భాషలో చెప్పాలంటే, అసలు ఫంక్షన్ని డిలీట్ చేసి, దాన్ని తప్పించుకోకుండా రాసిన చెక్‌ని మాత్రం కోడులో వదిలేశారు. అది తొంభై ఏళ్ళుగా రన్ అవుతోంది.

మొదట గీత 18 అంగుళాలు. 1936లో చిన్న .22 రైఫిళ్ళకి 16 చేశారు. 1960లో రైఫిళ్ళన్నిటికీ 16 చేసి, షాట్‌గన్నులకి 18 ఉంచేశారు. తుపాకి మొత్తం పొడుగు 26 అంగుళాలకి తగ్గకూడదన్నది ఇంకో గీత.

ఈ గీతల దగ్గర మనుషుల జీవితాలు అటూ ఇటూ అయిపోయాయి. పొట్టి షాట్‌గన్‌ని ఒక్లహోమా నుంచి ఆర్కాన్సాకి తీసుకెళ్ళారని జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ల మీద పెట్టిన కేసు 1939లో సుప్రీం కోర్టుకి వెళ్ళింది. వాళ్ళ తరఫున వాదించడానికి ఎవరూ రాలేదు. తీర్పు వచ్చేలోపే మిల్లర్‌ని ఎవరో కాల్చి చంపారు. 18 అంగుళాల లోపు షాట్‌గన్‌కీ పౌరసేనకీ సంబంధం ఉందని చూపించే సాక్ష్యం లేదు కాబట్టి రాజ్యాంగం దానికి రక్షణ ఇస్తుందని చెప్పలేమంది కోర్టు. తర్వాత ఏడు దశాబ్దాల దాకా తుపాకి హక్కు మీద ఏ వాదన వచ్చినా ఆ కేసు పేరు రావలసిందే.

ఇంకోటి అయిడహో కొండల్లో. గొట్టాలు కోసిన రెండు షాట్‌గన్నులని ప్రభుత్వ ఇన్‌ఫార్మర్‌కి అమ్మాడని రాండీ వీవర్ అనే అతని మీద కేసు పెట్టారు. అతను కోర్టుకి హాజరు కాలేదు. 1992 ఆగస్టులో రూబీ రిడ్జ్‌లోని అతని ఇంటి చుట్టూ పదకొండు రోజుల ముట్టడి. ఒక డెప్యూటీ మార్షల్ చనిపోయాడు. వీవర్ పద్నాలుగేళ్ళ కొడుకు చనిపోయాడు. పది నెలల పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ అతని భార్య చనిపోయింది. 1993లో జ్యూరీ హత్యానేరమూ ఆయుధాల నేరమూ కొట్టేసి, కోర్టుకి రానందుకు శిక్షార్హుడంది. ఇది చదివిన రాత్రి లాప్‌టాప్ మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మళ్ళీ సైన్యానికి వద్దాం. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15, తర్వాత ఎం-16 అయింది, 20 అంగుళాల గొట్టంతో పుట్టింది. తూటా చిన్నది, వేగం సెకనుకి 3,200 అడుగుల పైన. దాని బలమంతా ఆ వేగమే. వియత్నాం అడవుల్లో, హెలికాప్టర్లలో పొడుగు అడ్డొస్తోందని 10 అంగుళాలకి కోశారు. చెవులు పగిలే మోత, కళ్ళు చెదిరే మంట. 1967 నాటికి దాన్ని 11.5 చేసి, మూతికి ఇంకో గొట్టం తగిలించారు. పొట్టి గొట్టంలో గాస్ కన్నం మందు కాలే గదికి దగ్గరకి జరగాలి. అక్కడ ఒత్తిడి ఎక్కువ, యంత్రం మరీ వేగంగా కొట్టుకుంటుంది, విడిభాగాలు త్వరగా అరుగుతాయి.

ఆ ప్రయోగాల మధ్యేమార్గం 1994లో వచ్చిన ఎం-4. గొట్టం 14.5 అంగుళాలు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో దాని మీద ఫిర్యాదులొచ్చాయి. ఇళ్ళల్లోకి దూరడానికి హాయిగా ఉంది గానీ, దూరానికి తూటా వేగం చాలడం లేదని. 2010లో పొట్టి గొట్టాన్ని దృష్టిలో పెట్టుకుని కొత్త తూటానే తెచ్చారు. 20 అంగుళాలని వదలని మెరైన్లు కూడా 2015లో ఎం-4 వైపు మొగ్గారు. 2022లో సైన్యం ఎంచుకున్న కొత్త రైఫిల్ గొట్టం 13 అంగుళాలే. పోగొట్టుకున్న వేగాన్ని తూటాలో విపరీతమైన ఒత్తిడి పెంచి రాబట్టారు. తీరా దాని మూతికి మోత తగ్గించే సప్రెసర్ బిగిస్తే పొడుగు మళ్ళీ పెరిగింది!

మామూలు జనం కొనే ఏఆర్-15కి 16 అంగుళాలు వాడుకైందంటే ముఖ్యంగా 1960 నాటి గీత వల్లే. ఆ గీతని ముట్టుకోకుండా నడవడమే ఇక్కడొక విద్య. 14.5 గొట్టానికి మూతి దగ్గర ఒక ముక్కని ఊడిరాకుండా వెల్డింగ్ చేస్తే చట్టం దాన్ని 16 అంటుంది. 2012లో చేతిలో బలం లేని ఒక మాజీ సైనికుడి కోసం తయారైన బ్రేస్ అనే పట్టీని పొట్టి 'పిస్టల్'కి తగిలించి లక్షల మంది భుజానికి ఆనించుకున్నారు. 2023లో ప్రభుత్వం వాటిని పొట్టి రైఫిళ్ళంది, 2024లో టెక్సస్ ఫెడరల్ కోర్టు ఆ రూలు కొట్టేసింది. 1934 నుంచి పైసా మారని ఆ 200 డాలర్ల పన్నుని, పొట్టి రైఫిళ్ళకి 2026 జనవరి 1 నుంచి సున్నా చేస్తూ 2025లో చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది.

సరే, 2017కి వస్తాను. ఇందులో సగం చదివాక నాకు ఒకటి అర్థమైంది. ప్రతి పొడుగూ ఎవరిదో ఒక ప్రశ్నకి జవాబు. గుర్రం మీద వాడిది ఒకటి, ట్రక్కు డ్రైవరుది ఒకటి, హెలికాప్టరులో వాడిది ఒకటి. ఎంత దూరం, ఏ చోటు, అవతల ఎవరు అన్నవి తెలిస్తే అంగుళాలు వాటంతట అవే తేలతాయి. మరి నా ప్రశ్న ఏమిటి?

గరాజ్‌లోంచి టేపు తెచ్చి మా పడగ్గది గుమ్మం దగ్గర నుంచి కొలిచాను. మెట్ల మొదటి దాకా 19 అడుగులు. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, "ఏమిటండీ కొలుస్తున్నారు, కార్పెట్ వేయిస్తారా?" అంది. చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. టేపు రెండో కొస పట్టుకుని, నేను చూపించిన వైపే తిన్నగా నడిచి వెళ్ళి, మెట్లకి అవతల ఉన్న తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. లోపల తొమ్మిదేళ్ళ మా అబ్బాయి హోంవర్క్ చేసుకుంటున్నాడు.

19 అడుగులకి పదైనా ఒకటే, ఇరవై అయినా ఒకటే. మన ఇక్కడి ఇళ్ళ షీట్‌రాక్ గోడలకీ అంతే.

దుకాణానికి మళ్ళీ వెళ్ళలేదు. మా గుంటూరు మిత్రుడు, వాడికి గ్రీన్ కార్డు వచ్చాక, 16 అంగుళాలది కొనుక్కున్నాడు. ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, నెలకోసారి రేంజికి తీసుకెళతాడు. జాగ్రత్త గల మనిషి, వాడి లెక్క వాడిది. ఒలేత నాటి భయం నాకు పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ బారులో, హోటల్లో తలుపు కనిపించే కుర్చీ చూసుకుని కూర్చుంటాను. మా అబ్బాయి ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. వాడూ అలాగే కూర్చుంటున్నాడని మొన్న సెలవలకి వచ్చినప్పుడు గమనించాను.